పశ్చిమ సుమత్రా: అమ్మతో ఆరు రోజులు మినాంగ్‌కబావు ఊళ్లలో గడపవచ్చా?

తుంగభద్ర_తీరం
మూడు ట్రావెల్ ఏజెన్సీలు తిరిగాను. ఇండోనేషియా అనగానే ముగ్గురూ బాలి ప్యాకేజీ కాగితం చేతిలో పెట్టారు. పాడాంగ్ అంటే ఒకాయన "అక్కడ ఏముందమ్మా?" అన్నాడు. నాకు కావలసింది పాడాంగ్ రాజధానిగా ఉన్న పశ్చిమ సుమత్రా, అక్కడి స్థానిక జాతి అయిన మినాంగ్‌కబావు వాళ్ల ఊళ్లు. నిజానికి ఇది మా అమ్మ కోరిక. ఎప్పుడో ఒక వారపత్రికలో వాళ్ల గురించి చదివిందట: ఇల్లూ పొలమూ తల్లి నుంచి కూతురికి వస్తాయి, పెళ్లయ్యాక అల్లుడే అత్తగారింటికి వస్తాడు అని. ఆ కాగితం కత్తిరించి పట్టుచీర మడతలో దాచుకుంది. మొన్న చీర తీస్తుంటే జారి పడింది. ఇన్నేళ్లూ ఎప్పుడూ నోరు తెరిచి అడగలేదు.

అమ్మకు 62. మోకాళ్ల నొప్పులు, మెట్లు మెల్లగా ఎక్కుతుంది. మాంసం, చేప, గుడ్డు ఏదీ ముట్టదు. హైదరాబాదు నుంచి కౌలాలంపూర్ మీదుగా వెళ్లాలి, చేతిలో ఉన్నవి ఆరు రోజులు. అక్కడ అగ్నిపర్వతం పేలుతోందని చదివి భయపడుతున్నాను. వెళ్లినవాళ్లు చెప్పండి: ఏం చూడాలి, అమ్మ ఏం తింటుంది, అసలు వెళ్లవచ్చా?

కేఎల్_వాసి
తప్పకుండా వెళ్లండి. కౌలాలంపూర్‌లో పదకొండేళ్లుగా ఉంటున్నాను, పాడాంగ్‌కు నాలుగు సార్లు వెళ్లాను. విమానంలో గంటా పది నిమిషాలు. అక్కడి గడియారం మలేషియా కంటే గంట వెనక కాబట్టి పదింటికి బయలుదేరితే పదీ పదికి దిగుతారు. మనవాళ్లకు 30 రోజుల వీసా దిగాక ఇస్తారు, 5 లక్షల రుపియా. ముందే ఆన్‌లైన్‌లో తీసుకుంటే అమ్మగారు వరుసలో నిలబడనక్కరలేదు. విమానాశ్రయం కప్పు చూడగానే ఎక్కడికి వచ్చారో తెలిసిపోతుంది, కొసలు గేదె కొమ్ముల్లా పైకి లేచి ఉంటాయి.

పాడాంగ్‌లో ఒక్క రాత్రి చాలు. మిగతావి బుకిట్టింగిలో ఉండండి. 90 కిలోమీటర్లు, 900 మీటర్ల పైచిలుకు ఎత్తు, సాయంత్రం శాలువా కావాలి. అక్కడి నుంచి ఒక రోజు పగరుయుంగ్ రాజభవనం, ఒక రోజు హరావు లోయ, ఒక రోజు మనింజావు సరస్సు. సియానోక్ లోయ ఊరి అంచునే ఉంది.

చింతచిగురు
తిండి సంగతి నేను చెబుతాను, దెబ్బ తిన్నది నేనే కాబట్టి. పాడాంగ్ హోటల్లో కూర్చోగానే మనం ఏమీ అడగకముందే, మోచేతి దాకా పళ్లేలు దొంతరగా పేర్చుకొని వచ్చి బల్ల నిండా పరుస్తారు. పది, పదిహేను రకాలు. ముట్టుకున్న పళ్లేనికే డబ్బు, మిగతావి వెనక్కి వెళతాయి. చూడడానికి పెళ్లి భోజనమే. కానీ అందులో ముప్పాతిక మాంసమూ చేపలూ. అమ్మగారికి మిగిలేవి ఉడికించిన కర్రపెండలం ఆకు, వంకాయ మిరపకాయ వేపుడు, టోఫు, టెంపే (పులియబెట్టిన సోయా ముద్ద), పనసకాయ కూర.

గోదారి_గట్టు
@చింతచిగురు పనసకాయ కూర గురించి జాగ్రత్త చెప్పడం మరిచిపోయారు. కొబ్బరిపాలలో ఉడికించిన మంచి పసుపు రంగు కూర, వాసన మన పనసపొట్టు కూరను గుర్తు చేస్తుంది. కానీ చాలా చోట్ల అందులో గోమాంసం ముక్కలో ఎముకల రసమో వేస్తారు. నేను సగం తిన్నాక తెలిసింది. మాంసం లేదు అంటే వాళ్ల లెక్కలో పైన ముక్క కనబడడం లేదని. "దాగింగ్, ఆయమ్, ఇకాన్, తెలూర్ (మాంసం, కోడి, చేప, గుడ్డు) వద్దు, రసం కూడా వద్దు" అని విడమరచి అడగాలి. వంకాయలో, ఆకుకూరలో సన్నటి ఎండు నెత్తళ్లు కూడా చూసుకోవాలి.

చింతచిగురు
నిజమే, నేను సరిదిద్దుకుంటున్నాను. అయితే ఒకటి తప్పకుండా పెట్టండి: అంపియాంగ్ దాదియా. గేదెపాలు పచ్చివే వెదురు గొట్టంలో పోసి, అరటాకుతో మూతి కట్టి రెండు రోజులు వదిలేస్తారు. తోడు వేయరు, వెదురులోనే తోడుకుంటుంది. గొట్టం వంచి కొడితే గట్టి పెరుగు ముద్దలా జారుతుంది. దాన్ని అటుకుల మీద వేసి, కొబ్బరీ తాటిబెల్లం లాంటి నల్లబెల్లం పాకమూ పోసి ఇస్తారు. పెరుగూ అటుకులూ బెల్లమూ! మా బామ్మ కృష్ణాష్టమికి పెట్టేది. అంత దూరం వెళ్లి అది నోట్లో పెట్టుకోగానే కళ్లు చెమర్చాయి.

ఉప్పుచేప
మాంసాహారుల తరఫున ఒక్క మాట. రెండాంగ్ అంటే కూర అనుకుంటారు, అది కాలమూ ఓపికా కలిపి వండేది. మొదట పులుసులా ఉన్నప్పుడు గులాయి, దగ్గరపడితే కాలియో, కొబ్బరిపాలు నూనె తేలి నల్లగా ముక్కకు పట్టేస్తే రెండాంగ్. గంటల తరబడి కలుపుతూనే ఉండాలి. అలా ఎండగట్టడం వల్లే దూరదేశం వెళ్లే మగవాళ్లకు కట్టి ఇచ్చేవారట.

నల్లరేగడి
అగ్నిపర్వతం గురించి ఎవరూ చెప్పలేదు. దాని పేరు మరాపి, 2,891 మీటర్లు, బుకిట్టింగి నుంచి తెల్లవారుజామున ఎదురుగా కనబడుతుంది. 2023 డిసెంబరు 3న ఒక్కసారిగా పేలి పైకెక్కినవాళ్లలో 24 మంది చనిపోయారు. 2024 మే 11 రాత్రి వానకు ఆ బూడిదా బండలూ వాగుల వెంట కొట్టుకొచ్చి ఊళ్ల మీద పడ్డాయి, 60 మందికి పైగా పోయారు. 2025 నవంబరు చివర మళ్లీ వరదలు, కొండచరియలు. కాబట్టి "ఏమీ కాదు" అని మాత్రం అనకండి.

కేఎల్_వాసి
@నల్లరేగడి ఏమీ కాదని నేను అనలేదు. వాళ్లు పర్వతం ఎక్కబోవడం లేదు కదా.

నల్లరేగడి
పర్వతం ఎక్కకపోయినా రోడ్డు ఎక్కాలి. పాడాంగ్ నుంచి పైకి వెళ్లే ముఖ్యమైన దారి అనాయి లోయ గుండా, జలపాతం పక్క నుంచే పోతుంది. వరదకు తెగేది కూడా అదే. బయలుదేరే వారంలో ఏ దారి తెరిచి ఉందో డ్రైవరును అడగండి. రెండున్నర గంటల ప్రయాణం చుట్టుదారిలో ఐదు గంటలు కావచ్చు. విమానం ఎక్కవలసిన ముందు రాత్రి తప్పనిసరిగా పాడాంగ్‌లోనే ఉండండి. అక్కడి మనుషులు ఆ కొండను తిట్టరు, దాని మట్టి వల్లే వరి పండుతోందంటారు. మనం కూడా భయపడనక్కరలేదు, లెక్క వేసుకొని వెళితే చాలు.

మెట్ట_తామర
రంజాన్ నెల తప్పించండి. పగలు హోటళ్లు మూసి ఉంటాయి. అక్కడ ఆచారమూ మతమూ రెండూ గట్టివే.

పాతరాతి_బాట
@కేఎల్_వాసి పగరుయుంగ్‌కు ఒక రోజంతా ఎందుకు? ఆ రాజభవనం 2007 ఫిబ్రవరి 27న పిడుగు పడి కాలిపోయింది. ఇప్పుడున్నది 2013లో తెరిచిన నకలు. లోపల జరీబట్టలు అద్దెకిచ్చి ఫొటోలు తీస్తారు, జనం తోసుకుంటారు. అదే తనా దాతార్ జిల్లాలో మరాపి ఒడిలో పరియాంగన్ అనే ఊరుంది, మినాంగ్ వాళ్లు తమ మొదటి ఊరని చెప్పుకునేది. అక్కడ మనుషులు కాపురముంటున్న పాత ఇళ్లు చూడండి.

పుస్తకాల_అలమార
@పాతరాతి_బాట "నకలు" అన్న మాట ఒప్పుకోను. 1804లో పాద్రీ యుద్ధాల (ఇస్లాం సంస్కర్తలకూ పాత ఆచారం వాళ్లకూ జరిగినవి) అల్లర్లలో కాలింది, కట్టారు. 1966లో కాలింది, మళ్లీ కట్టారు. 2007లో కాలింది, మళ్లీ కట్టారు. ఇప్పటిదాని లోపలి చట్రం కాంక్రీటే అయినా, పుట్టుకతో అది కర్ర ఇల్లు. మేకులు లేకుండా చీలలు దిగగొట్టి, కొమ్ముకప్పు వంచి, గోడంతా లతల చెక్కడం చెక్కగల వడ్రంగులు ఇప్పటికీ ఉన్నారంటే ఆ కట్టడం బతికి ఉన్నట్టే. రాయి నిలవాలి, కర్ర మళ్లీ పుట్టాలి. రెండింటినీ ఒకే కొలతతో చూడకూడదు.

పైగా ఆ పక్కనే, రోడ్డు అంచున రేకుల కప్పు కింద ఆదిత్యవర్మ శాసనాలున్నాయి, 14వ శతాబ్దివి. సంస్కృతమూ పాత మలయూ భాషా కలిసిన రాళ్లు. ఆయన బౌద్ధ రాజు. అక్కడ ఎవరూ ఆగరు, నేను అరగంట ఉన్నాను. రాజభవనాన్ని వాళ్లు "ఇస్తానో" అంటారు, అది మన ఆస్థానమే. ఊరి పరిపాలన విభాగం పేరు "నగరి".

పాతరాతి_బాట
శాసనాల సంగతి తెలియదు, దానికి కృతజ్ఞతలు. ఫొటోల జనం గురించి మాత్రం నా మాట అదే. పొద్దున్నే వెళ్లమనండి.

రాళ్లబండి_మాష్టారు
మొదటి టపాకు వస్తాను. "ఆడవాళ్ల రాజ్యం" అనుకొని వెళితే అమ్మగారు నిరాశపడతారు. ఆస్తి కూతురిదే. కానీ దాని మీద మాట చెప్పేది ఆమె అన్నదమ్ములు. మేనమామను "మామక్" అంటారు. మేనల్లుడు, మేనకోడలు "కమనకన్". తండ్రి తన పిల్లల్ని ఒళ్లో పెట్టుకోవాలి, మేనల్లుళ్లను చెయ్యి పట్టి నడిపించాలి అని వాళ్ల సామెత. కులపెద్ద పదవి కూడా మేనమామ నుంచి మేనల్లుడికే పోతుంది. మరి ఇదేం ఆడవాళ్ల రాజ్యం?

డాక్టరమ్మ
@రాళ్లబండి_మాష్టారు రాజ్యమని ఆవిడ అనలేదు. ఇల్లూ పొలమూ అన్నారు. అది చిన్న సంగతి కాదు. పాడాంగ్ నుంచి వచ్చిన ఒక నర్సుతో రెండేళ్లు పనిచేశాను. ఆమె చెప్పింది: వాళ్ల పొలం ఎవరూ అమ్మడానికి వీల్లేదు. తాకట్టు పెట్టడానికి కూడా నాలుగే కారణాలు. అంత్యక్రియలకు డబ్బు లేక ఇంట్లో శవం పడి ఉంటే, ఈడొచ్చిన పిల్లకు పెళ్లి కాకపోతే, పెద్ద ఇంటి కప్పు కారుతుంటే, వంశపు పెద్దరికం నిలబెట్టాల్సి వస్తే. అన్న తాగి అప్పు చేశాడని చెల్లెలి మడి పోదు. మా ఊళ్లో ఎన్ని పోయాయో నాకు తెలుసు. సొంతంగా సంపాదించింది మాత్రం ఇస్లామిక్ వారసత్వ పద్ధతిలో పంచుకుంటారు.

రాళ్లబండి_మాష్టారు
ఆ నాలుగు కారణాల సంగతి నాకు తెలియదు. నా మాట కొంత తగ్గించుకుంటాను. కానీ మామక్ లేకుండా సంతకం పడదు కదా.

డాక్టరమ్మ
పడదు. మామక్ సంతకం పెట్టినా భూమి ఆయన పిల్లలకు పోదు. తేడా అక్కడుంది.

తుంగభద్ర_తీరం
మీ ఇద్దరి వాదన అమ్మకు చదివి వినిపించాను. ఒక విషయం చెప్పాలి. మా తాతగారికి ఎనిమిది ఎకరాలు. 1986లో ఆంధ్రప్రదేశ్ చట్టం కూతుళ్లకు సమాన వాటా ఇచ్చినప్పుడు, 1985 సెప్టెంబరుకు ముందే పెళ్లయినవాళ్లకు వర్తించదన్నారు. అమ్మ పెళ్లి 1983. చిన్న పిన్నికి వచ్చింది, అమ్మకు రాలేదు. 2005లో దేశమంతటికీ చట్టం మారేసరికి పంపకాలు ఎప్పుడో అయిపోయాయి. అమ్మ ఎప్పుడూ ఎవరినీ ఏమీ అనలేదు. మామయ్యలతో బాగానే ఉంటుంది. ఆ కాగితం చీరలో ఎందుకు దాచిందో మీ టపాలు చదువుతుంటే నాకు అర్థమవుతోంది.

డాక్టరమ్మ
మీ అమ్మగారిని తప్పకుండా తీసుకెళ్లండి.

బగాన్_దాతో_మనవడు
మా ముత్తాతది విశాఖ జిల్లా. పెరాక్‌లో బగాన్ దాతో కొబ్బరి తోటల్లో పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. నా తెలుగులో తప్పులుంటే మన్నించండి. మలేషియాలోనే నెగెరి సెంబిలాన్ రాష్ట్రంలో మినాంగ్ సంతతి ఉంది, పాత ఇళ్లకు అవే కొమ్ముకప్పులు. మా పక్కింటివాళ్లు ఆ రాష్ట్రం వాళ్లే, అక్కడా వంశపు భూమి ఆడపిల్లలదే.

వాళ్ల అబ్బాయిలు చదువుకో వ్యాపారానికో ఊరు విడిచి పోవడాన్ని "మెరాంతావు" అంటారు. ఇంట్లో మగపిల్లాడికి గది ఉండదు, వెనకటి రోజుల్లో ఈడు రాగానే ప్రార్థనా మందిరంలో పడుకునేవాడు. అందుకే ఇండోనేషియా అంతటా పాడాంగ్ హోటళ్లు. అందుకే అంత మంది నాయకులు కూడా. తొలి ఉపాధ్యక్షుడు హట్టా పుట్టింది బుకిట్టింగిలోనే, 1902లో. ఆ ఇల్లు చూడవచ్చు.

గోదారి_గట్టు
మేనమామ మాట వచ్చింది కాబట్టి. వాళ్లలో ఒకే "సుకు"లో పెళ్లి కూడదు, మన సగోత్రంలా. కానీ మేనమామ కూతురిని చేసుకోవడం వెనకట మంచి సంబంధమనేవారు. అచ్చంగా మేనరికం! ఇది విని మా డ్రైవరు దగ్గర "మాకూ అంతే" అంటే బండి పక్కకు ఆపి చేయి కలిపాడు. ఇప్పుడు వాళ్లలోనూ తగ్గిందట.

మెట్ట_తామర
@గోదారి_గట్టు డాక్టరమ్మగారు చదువుతున్నారు, మేనరికాన్ని మరీ మెచ్చుకోకండి.

డాక్టరమ్మ
చదువుతున్నాను. మేనమామను మెచ్చుకోండి, మేనరికాన్ని వద్దు.

చార్మినార్_నీడ
ముహర్రం రోజుల్లో వెళ్లేవాళ్లకు చెబుతున్నాను. పాడాంగ్ పక్కన పరియమన్ తీరంలో తబుయిక్ జరుగుతుంది. మేడంత ఎత్తున్న తాబూతులు రెండు కట్టి, కింద ఆడముఖమూ రెక్కలూ ఉన్న బురాక్ గుర్రం నిలబెట్టి, డప్పులతో మోసుకెళ్లి సాయంత్రం సముద్రంలో కలుపుతారు. 19వ శతాబ్దంలో బెంకూలు నుంచి వచ్చిన భారతీయ సిపాయిల వల్ల మొదలైందని అక్కడివాళ్లే చెబుతారు. మా ఊళ్లో పీర్ల పండుగకు హిందువులు కూడా మొక్కుకుంటారు. ఆ డప్పు విన్నప్పుడు నా ఒళ్లు జలదరించింది. పాడాంగ్‌లో భారతీయ ముస్లింల పాత పేట పేరు కంపుంగ్ కెలింగ్, ఆ కెలింగ్ మన కళింగమే.

నల్లరేగడి
మనింజావు గురించి. అది అగ్నిపర్వతం కూలి ఏర్పడిన సరస్సు, పైనుంచి దిగే దారిలో 44 మలుపులు, ప్రతిదానికీ అంకె రాసి ఉంటుంది. అమ్మగారికి వాంతులయ్యే అలవాటుంటే పైనుంచే చూడండి. చేపల పెంపకం వలలు ఒడ్డంతా నిండి నీరు పాడైంది. అడుగున పేరుకున్న మురుగూ గంధకమూ పైకి లేచినప్పుడు చేపలు టన్నుల కొద్దీ చచ్చి తేలుతాయి. కొల్లేరు చూసినవాడిని, అక్కడ నిలబడలేకపోయాను.

కేఎల్_వాసి
దానికి బదులు హరావు లోయ. రెండు పక్కలా నూరు మీటర్లు దాటిన నిలువు రాతిగోడలు, మధ్యన వరిమళ్లు, గోడ మీద నుంచి సన్నగా జారే జలపాతాలు. నడక లేదు, కారు దగ్గరికే పోతుంది. కుర్చీ వేసుకొని కూర్చుంటే చాలు.

పాతరాతి_బాట
కోతలయ్యాక వెళితే తనా దాతార్ మళ్లలో పచు జావి అడగండి. రెండు ఎడ్లకు కర్ర చట్రం కట్టి, మనిషి వాటి తోకలు పట్టుకొని బురదలో నిలబడి పరిగెత్తిస్తాడు, వేగం కావాలంటే తోక కొరుకుతాడు. పక్క జతతో పోటీ లేదు, తిన్నగా పరిగెత్తిందా లేదా అన్నదే చూస్తారు. మన పందేల ఎడ్ల ఆసాములు చూడవలసింది అది.

తుంగభద్ర_తీరం
వెళ్లి వచ్చాము. పది రోజులైంది, రాయడానికి ఇప్పుడు కుదిరింది.

అనాయి లోయ దారి సగం పూటే వదులుతున్నారు, చుట్టు తిరిగి వెళ్లాము. @నల్లరేగడి గారు చెప్పినట్టు చివరి రాత్రి పాడాంగ్‌లో ఉండడం వల్ల విమానం అందింది. బుకిట్టింగిలో ముందు డబ్బు కట్టిన హోటల్లో మా గది వేరేవాళ్లకు ఇచ్చేసి మూడో అంతస్తు గది చూపించారు, లిఫ్టు లేదు. వాదించి రెండో రోజుకు కిందికి మార్పించుకున్నాను. జామ్ గదాంగ్ గడియారం కింద అమ్మ కూర్చుంది. నాలుగును రోమన్ అంకెల్లో నాలుగు గీతలుగా రాశారని ముందు గమనించింది తనే. అది 1926 నాటిది.

తిండి: గోంగూర పచ్చడి, పొడులు తీసుకెళ్లాము. దాదియా మూడు సార్లు తింది. @చింతచిగురు గారూ, ఆ వెదురు గొట్టం ఒకటి కడిగించుకొని తెచ్చుకుంది, ఇప్పుడు వంటింట్లో గరిటెలు పెడుతోంది.

రెండు రాత్రులు తనా దాతార్‌లో ఒక ఊళ్లో పాత పెద్ద ఇంట్లో, వాళ్ల మాటలో రుమా గదాంగ్‌లో ఉన్నాము. ఇంటావిడకు డెబ్బై ఉంటాయి, యూనీ అని పిలవమంది, అంటే అక్క. పొడవాటి ఒకే చావడి, వెనక వరసగా గదులు. కొత్తగా పెళ్లైన కూతురికి చివరి గది ఇస్తారు, ఆ తర్వాతి పిల్లకు పెళ్లైతే పెద్దది పక్క గదికి జరుగుతుంది. ముసలివాళ్లు వంటింటి దగ్గర. ఇంటి ముందు కొమ్ముకప్పుల గాదెలు మూడు. తలుపు పైన, చూరు కింద ఉంటుంది, నిచ్చెన వేసి ఎక్కాలి. ఒకటి రోజువారీ బియ్యానికి, ఒకటి అమ్ముకొని కావలసినవి కొనడానికి, ఒకటి కరువుకు. ఆ మూడోదాని ధాన్యం ఊళ్లోని పేదవాళ్లకు కూడా పెట్టేవారట. అమ్మ ఆ గాదె చెక్కను చాలాసేపు తడుముతూ నిలబడింది. వాళ్ల నాన్నగారి ఇంట్లో ఉన్న గాదె పంపకాల్లో విప్పేశారు.

పిల్లలు తల్లిని "అమాక్" అని పిలుస్తారు. మొదటి రోజు ఎవరో పిల్ల అలా కేక వేస్తే మా అమ్మ వెనక్కి తిరిగింది.

రాళ్లబండి_మాష్టారు
మామక్ ఎవరైనా కనబడ్డారా?

తుంగభద్ర_తీరం
కనబడ్డారు మాష్టారూ. యూనీ తమ్ముడు జకార్తాలో బట్టల వ్యాపారం, మనవరాలి చదువు మాట్లాడడానికి వచ్చారు. కప్పు బాగుచేయించడానికి డబ్బు ఇచ్చింది ఆయనే. ఆ ఇంట్లో ఆయనకు గది లేదు, చావడిలో చాప వేసుకొని పడుకున్నారు. అమ్మ అడిగింది, బాధగా ఉండదా అని. డ్రైవరు తర్జుమా చేశాడు. ఆయన నవ్వి, "అక్క ఇల్లుంది కాబట్టే నాకు ఊరుంది" అన్నారు.

రాళ్లబండి_మాష్టారు
నా వాదన వదిలేస్తున్నాను.

చింతచిగురు
మెట్లు ఎన్ని ఉన్నాయి? మా అత్తగారికి కూడా మోకాళ్లే.

తుంగభద్ర_తీరం
ఎనిమిది, పక్కన పట్టుకోవడానికి కర్ర ఉంది. స్నానాల గది కింద, వెనక వైపు. రాత్రి టార్చి తీసుకెళ్లండి.

ఇంకొకటి. అమ్మ ఆ పత్రిక కాగితం వెంట తెచ్చింది. బయలుదేరే పొద్దున దాని వెనక యూనీ చేత పేర్లు రాయించుకుంది, ఆ ఇల్లు ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో. మనవరాలి నుంచి మొదలుపెట్టి ఏడు తరాలు, అన్నీ ఆడవాళ్ల పేర్లే, తడుముకోకుండా చెప్పింది. విమానంలో అమ్మ దాని పక్కన మా వైపు రాయడం మొదలుపెట్టింది. నేను, తను, అమ్మమ్మ, అమ్మమ్మ వాళ్ల అమ్మ. అక్కడ ఆగిపోయింది.

డాక్టరమ్మ
ఇది చదివి ఇప్పుడే మా అమ్మకు ఫోను చేశాను. మేము మూడో పేరు దగ్గరే ఆగాము. పెద్దమ్మను అడిగి రేపు చెబుతానంది.